గౌన్లు తొడిగిన సీసాలు

"ఇంకా లేవలేదా అవి?"

వంటగది గుమ్మంలో నిలబడి అక్క అడిగింది. పొద్దుటి నుంచి అదే గుమ్మం, అదే ప్రశ్న. అడిగిన ప్రతిసారీ గొంతు ఇంకొంచెం చిన్నదవుతోంది.

మా అమ్మాయి భోజనాల బల్ల మీద ఆరు గాజు సీసాలు వరసగా పెట్టుకుని, గడ్డం బల్లకి ఆనించి, వాటిలోకే చూస్తోంది. నిన్న సాయంత్రం ప్రయాణం నుంచి వచ్చినప్పటి బట్టలే ఇంకా ఒంటి మీద ఉన్నాయి. రాజధానిలో పరిశోధనాలయం వాళ్ళు మెళ్ళో వేసిన సందర్శకుల బిళ్ళ కూడా తియ్యలేదు.

సీసాల పక్కన ఆరు చిన్న గౌన్లు కుప్పగా పడి ఉన్నాయి. మెత్తటి ఫ్లానెల్ గుడ్డ, నీలం మీద తెల్ల చుక్కలు, మెడ దగ్గర నాడా. నేనూ అమ్మాయీ ఊళ్ళో లేని నాలుగు రోజుల్లో అక్క వాటిని కుట్టి సీసాలకు తొడిగింది. తొడిగి, ఫ్రిజ్‌లో పెట్టింది.

"నిదానంగా లేస్తాయేమోనే. మొదటినుంచీ బద్ధకం జాతి కదా అవి," అంది అక్క.

మామూలు రోజుల్లో అయితే ఆ మాటకి మా ఇంట్లో నవ్వు పుట్టేది. అమ్మాయి ఏడాదికి పైగా పెంచుతున్న ఈ పండ్ల ఈగలకు బద్ధకం ఈగలని పేరు పెట్టింది అక్కే. మామూలు ఈగలున్న సీసాని అరచేత్తో తడితే అవి బిలబిలమంటూ పైకి ఎగబాకుతాయి. ఇవి అలా కాదు. నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోతాయి. "అచ్చం మీ నాన్న వంశం," అనేది అక్క, తనదీ అదే వంశమని మరిచిపోయి.

కాలేజీ ల్యాబులో వేల ఈగల మధ్య అలా ఆగిపోయే ఈగని మొదట గమనించింది మా అమ్మాయి. దాన్ని వేరు చేసి, దాని పిల్లల్ని వేరు చేసి, ఆ పిల్లల పిల్లల్ని వేరు చేసి, ఒక వంశాన్ని నిలబెట్టింది. ఎందుకు ఆగుతున్నాయో తేల్చే పరికరాలు మా దగ్గరున్నాయి, వేసవంతా ఇక్కడే ఉండి పని చేసుకో అని పరిశోధనాలయం వాళ్ళు చోటిచ్చారు. ఒకటే షరతు. సోమవారానికి ఈగలు ప్రాణాలతో రావాలి.

మా చిన్న కాలేజీ నుంచి అలాంటి చోటికి డిగ్రీ పిల్లలెవరూ ఇంతవరకు వెళ్ళలేదు.

"అత్తయ్యా," అంది అమ్మాయి తల ఎత్తకుండానే. "అవి లేవవు."

"ఎందుకు లేవవు? నువ్వు మంచు మీద పెడితే పడుకుని మళ్ళీ లేచేవి కావూ? నా కళ్ళతో నేను చూశాను. ఇదే బల్ల మీద."

"అయిదు నిమిషాలు! లెక్కపెట్టుకోడానికి అయిదంటే అయిదు నిమిషాలు పెడతాను. పెద్ద ల్యాబుల్లో గ్యాసుతో మత్తిస్తారు. మాకు సిలిండరు లేదు కాబట్టి మంచు గిన్నె. నువ్వేమో రోజుల తరబడి పెట్టావు."

"ఎండ అలా ఉందే మరి. ఫ్యాను గాలే సెగ కొడుతోంది. మూతికి దూది కుక్కిన సీసాల్లో అవి ఉసూరుమంటూ కూర్చున్నాయి. వెళ్ళేటప్పుడు నువ్వే అన్నావు, ఎండ తగలకుండా చూడత్తయ్యా అని."

"ఎండ తగలకుండా అంటే ఫ్రిజ్‌లో పెట్టమనా?"

"నిద్రపోతాయనుకున్నాను. చలి వేస్తుందేమోనని మళ్ళీ గుడ్డలు కూడా కుట్టాను."

"ఒక్క ఫోన్ చెయ్యొచ్చుగా!"

"పెద్ద పెద్దవాళ్ళ ముందు కూర్చుని ఉంటావు, కంగారు పెట్టకూడదనుకున్నా."

"కంగారు పెట్టాల్సింది." అమ్మాయి తల ఎత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. "అమ్మ ఉండుంటే ఒక్క మాట అడిగేది."

సరిగ్గా అప్పుడే ఫ్రిజ్ మోటారు కూడా ఆగింది.

అక్క గరిటెను జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టింది. బల్ల దగ్గరికి వచ్చి, ఫ్లానెల్ గౌన్లు ఒక్కొక్కటీ తీసి, నాడాలు లోపలికి మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చింది. వాటిని తీసుకుని తన గదిలోకి వెళ్ళింది. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. ధడాలున వేసుకుని ఉంటే బాగుండేదనిపించింది నాకు.

నాది కళ్ళద్దాల దుకాణం. ఎదుటివాళ్ళకి కనిపించేలా చెయ్యడం నా పని. కనిపించినదాన్ని పట్టుకుని ఏం చెయ్యాలో నాకు ఎప్పుడూ తెలియలేదు.

*

మధ్యాహ్నం మేడం వచ్చారు. ఆవిడ మా అమ్మాయికి పాఠం చెప్పే ఏకైక జంతుశాస్త్రం టీచరు. ఆ ల్యాబుకి అధికారీ ఆవిడే, చీపురు పట్టేదీ ఆవిడే. పిల్లలు చాటుగా ఈగల మేడం అంటారు. ఆవిడ ఫోనెత్తి "ఈగల మేడం మాట్లాడుతున్నా" అంటారు.

గొడుగు ముడిచి మూల పెట్టి, మంచినీళ్ళు కూడా అడగకుండా బల్ల ముందు కూర్చున్నారు.

"ముందు కాలేజీకి వెళ్ళొచ్చాను," అన్నారు. "సెలవులని మెయిన్ స్విచ్ కట్టేశారు. గది పొయ్యిలా ఉంది."

"మేడం, మనం అక్కడ ఉంచిన సీసాలు?" అమ్మాయి అడిగింది.

మేడం తల అడ్డంగా ఊపారు.

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా లేదమ్మాయ్. అలా అవుతుందనే కదా నిన్ను ఇవి ఇంటికి పట్టుకుపొమ్మన్నాను."

ఆ మాట మూసిన తలుపు అవతలికి వినిపించి ఉంటుంది. మాది చిన్న ఇల్లు.

మేడం సీసాలు ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూశారు. అడుగున పరిచిన తిండి మెత్తగా, ముద్దగా ఉంది. నిద్రపట్టిన ఈగలు పైనుంచి జారి అందులో పడి, రెక్కలు అంటుకుపోయి, అక్కడే ఉండిపోయాయి. ఒక సీసా, రెండో సీసా, అన్నీ అంతే. ప్రతి సీసానీ ఆవిడ చప్పుడు కాకుండా కింద పెట్టారు.

చివరిదాని దగ్గర చెయ్యి ఆగింది.

"ఇందులో తిండికి అంటుకోలేదే. గాజు మీదే పడి ఉన్నాయి. ఇదెక్కడ పెట్టారు?"

నాకు తెలియదు. అమ్మాయికి తెలియదు. అక్క గది తలుపు ఓరగా తెరుచుకుంది.

"అది నిలబెట్టడానికి చోటు చాల్లేదు టీచరమ్మా," అంది అక్క, బయటికి రాకుండానే. "పాలగిన్నె పక్కన అడ్డంగా పడుకోబెట్టాను."

మేడం సీసా మూతి దూది తీసి, తెల్ల కాగితం మీద మెల్లగా తట్టారు. నువ్వుగింజల్లా రాలాయి. నేను దుకాణం నుంచి తెచ్చిన పెద్ద భూతద్దం ఆవిడ చేతికిచ్చాను. సన్నటి కుంచెతో ఒక్కొక్క ఈగనీ వెల్లకిలా తిప్పుతూ పోయారు. ఆవిడ తిప్పుతూనే ఉన్నారు. వీధిలో ఎవరో సైకిలు చక్రానికి గాలి కొడుతున్న చప్పుడు.

"ఆగు," అన్నారు మేడం, ఎవరూ కదలకపోయినా. "కాలు. కాలు ఆడింది."

అమ్మాయి మోకాళ్ళ మీద కుర్చీ ఎక్కి వంగింది. "ఆడది మేడం. పొట్ట నిండుగా ఉంది."

"మిగతావి?" అన్నాను నేను.

"మిగతావి పోయాయండి. ఇదొక్కటే."

"మగదొక్కటీ లేకుండా ఇదొక్కటీ ఏం చేస్తుంది?"

"ఇంతకుముందే జత కట్టి ఉంటుంది. మగదాని బీజం లోపల దాచుకుని ఉంటుంది. తోడు పోయాక కూడా కొన్నాళ్ళపాటు దాంతోనే గుడ్లు పెట్టగలదు." అనేశాక మేడం నా ముఖం చూసి, భూతద్దం తుడవడం మొదలుపెట్టారు. "అంటే, చలికి అది పాడవకుండా ఉంటే."

మంచి మనిషి. అద్దం శుభ్రంగానే ఉంది.

అమ్మాయి కుర్చీ దిగింది. ఆ ముఖంలోకి రంగు తిరిగి రావడం చూసి నాకు సంతోషం వెయ్యలేదు. భయం వేసింది. పోయిందని తెలిసిన దుఃఖం ఒక రకం. ఒక్క కాలు ఆడుతున్న దుఃఖం వేరు.

"దీనికి కొత్త తిండి కావాలి," అన్నారు మేడం. "ఇవాళే. గట్టిగా, పొడిగా. తేమ ఉంటే దీనికి నిలబడే ఓపిక లేదు, అంటుకుపోతుంది." గది వైపు తిరిగి గొంతు పెంచారు. "వంట మీదేగా? మా ఈగలు మీ చేతి తిండికి మరిగాయి."

నిజమే. మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు, జిగురు పొడి కలిపి కాచి సీసాల్లో పోసే ఆ వంట మొదటినుంచీ అక్కదే. కాలేజీ ల్యాబులో పొయ్యి లేదు. "మనుషులకి ఒక పూట, ఈగలకి ఒక పూట" అని సణుగుతూనే అక్క ప్రతి పది పన్నెండు రోజులకీ ఒక గిన్నెడు కాచేది.

"నేను ముట్టుకోను టీచరమ్మా," అంది అక్క తలుపు వెనక నుంచి. "ముట్టుకున్నవాటి గతి చూశారుగా."

మేడం లేచి వెళ్ళి తలుపు పూర్తిగా తెరిచారు. అక్క కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. మిషను మీద గుడ్డ లేదు.

"ఈగల్ని చంపకుండా ఈగల టీచరైనవాళ్ళు ఎవరూ లేరు తెలుసా?" అన్నారు మేడం, అక్క భుజం మీద చెయ్యివేసి. "నేను చేరిన కొత్తలో దోమలు కుడుతున్నాయని ల్యాబంతా మందు కొట్టించాను. దోమలు బతికాయి."

అక్క నవ్వలేదు. కానీ ఆ చేతిని కాసేపు భుజం మీద ఉండనిచ్చింది.

*

వంటగదిలో మేమిద్దరమే. అమ్మాయి గిన్నె కలుపుతోంది. నేను డబ్బాలు అందిస్తున్నాను.

"పిండి."

ఇచ్చాను.

"పంచదార."

ఆ డబ్బా అందుకుని అమ్మాయి ఆగిపోయింది. మూత మీద అంటించిన కాగితంపై "పంచదార" అని వాళ్ళమ్మ రాత. మా ఇంట్లో డబ్బాలన్నింటి మీదా ఆమె రాతే. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. వంటగది తడికి సిరా ఎప్పుడో వెలిసిపోవాలి.

అమ్మాయి డబ్బాని కిటికీ వెలుతురుకి తిప్పింది. "నాన్నా, దీని మీద మళ్ళీ దిద్దారు."

"ఊఁ."

"అమ్మ రాతలాగే. సున్నా పక్కన చుక్కతో సహా."

"వెలిసినప్పుడల్లా మీ అత్తయ్య దిద్దుతుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, నాలిక బయటపెట్టి మరీ."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నేను చూసినట్టు తనకీ తెలియదు."

గిన్నె అడుగంటబోతుంటే నేను మంట తగ్గించాను. అమ్మాయి మళ్ళీ కలపసాగింది. కాసేపటికి, "నేనలా అనకుండా ఉండాల్సింది," అంది.

"ఊఁ."

"ఊఁ అంటావేంటి? పర్లేదమ్మా అనొచ్చుగా."

"నాతో అన్న మాట అయితే అనేవాణ్ణి తల్లీ."

అమ్మాయి గిన్నె దించి, తిండిని కొత్త సీసాలో పోసింది. తిండి చల్లారి గట్టిపడ్డాక, సీసా లోపలి గోడలకి పట్టిన ఆవిరిని మెత్తటి కాగితంతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. మేడం కుంచె కొనమీద ఆ ఒక్క ఈగని ఎత్తి, సీసాని అడ్డంగా పట్టుకుని లోపలి గాజు మీద దింపారు. అది పక్కకి ఒరిగింది. లేచింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"బద్ధకందే," అన్నారు మేడం.

*

మేడం ఇంకా ఉండగానే పరిశోధనాలయం నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున అమ్మాయి పంపిన సందేశానికి జవాబు. శాస్త్రవేత్త గొంతు మర్యాదగా, తీరిక లేనట్టుగా ఉంది. అందరికీ వినిపించాలని అమ్మాయి ఫోన్‌ని బల్ల మీద పెట్టింది.

"ఈగలు పోయాయని రాశారు. ఏం జరిగింది?"

"ఫ్రిజ్‌లో ఉండిపోయాయి సర్."

"ఎవరు పెట్టారు?"

అక్క గది తలుపు తెరిచే ఉంది. మిషను ముందు కూర్చున్న అక్క వీపు నాకు కనిపిస్తోంది. ఆ వీపు నిటారుగా అయింది.

"సర్, అవి నా బాధ్యత," అంది అమ్మాయి. "మంచు మీద పెడితే నిద్రపోతాయని ఇంట్లో నేనే చూపించాను. ఎంతసేపు పెట్టొచ్చో చెప్పలేదు. అది చెప్పకుండా ఊరెళ్ళడం నా తప్పు."

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఏమైనా మిగిలాయా?"

"ఒక్క ఆడ ఈగ."

"చలిలో అన్ని రోజులున్న ఈగ గుడ్డు పెట్టినా, అందులోంచి పురుగు వచ్చే అవకాశం తక్కువని మీకు తెలుసు కదా?"

"తెలుసు సర్."

"సరే. సోమవారం లోపల గుడ్డు చిట్లి పురుగు కనిపిస్తే చాలు. ఒక్కటైనా సరే, పట్టుకుని రండి. మిగతాది ఇక్కడ చూసుకుందాం."

"కనిపించకపోతే సర్?"

"మీ తర్వాత వరసలో ఇంకో అమ్మాయి ఉందమ్మా. ఆమెదీ మీలాగే చిన్న కాలేజీ. ఆమెకి చెప్పాల్సి వస్తుంది."

ఫోన్ పెట్టేశాక మేడం గొడుగు తీసుకున్నారు. గుమ్మం దాటబోతూ అమ్మాయి తల నిమిరారు. "ఆయన కోప్పడి ఉంటే బాగుండేది కదూ," అన్నారు.

అమ్మాయి అవునన్నట్టు తలూపింది. ఆ వరసలో ఉన్న ఇంకో అమ్మాయి మీద కోపం తెచ్చుకోవడం కూడా దాని చేతకాదు.

*

మర్నాడు పొద్దున అక్క తన కళ్ళద్దాలు నా చేతిలో పెట్టింది.

"కాస్త తుడిచివ్వరా. మరలు కూడా చూడు. ప్రయాణంలో ఊడిపోతే కష్టం."

మంచం మీద సంచీ ఉంది. అమ్మాయి తల్లి పోయాక, తన ఊళ్ళో కుట్టుపని కొట్టు మూసేసి మా ఇంటికి వచ్చినప్పుడు తెచ్చుకున్న అదే సంచీ.

"ఎక్కడికక్కా?"

"నా కొట్టుకి."

"ఏ కొట్టు? అక్కడిప్పుడు మందుల షాపు పెట్టారుగా."

"పక్క గది ఖాళీగానే ఉందట. ఫోన్ చేసి అడిగాను. మిషను తర్వాత ఎవరిచేతనైనా పంపించు."

నేను మంచం అంచున కూర్చున్నాను. మరలు గట్టిగానే ఉన్నాయి. అయినా స్క్రూడ్రైవరు తీసి ఒక్కొక్కటీ బిగిస్తూ కూర్చున్నాను. ఆ కాసేపూ ఆమె వెళ్ళలేదు కదా.

"అది చిన్నపిల్ల. నోరు జారింది," అన్నాను.

"నోరు జారలేదురా. లోపల ఉన్నదే వచ్చింది. నేను ఈ ఇంట్లో కాలు పెట్టిననాటి నుంచీ దాని లోపల ఉంది ఆ మాట. పాపం, ఇన్నాళ్ళు నాకు వినపడకుండా దాచుకుంది. ఆ మాటకి నాకు కోపం లేదు."

"మరి? నిన్న ఫోన్లో విన్నావుగా. నీ మీద ఈగ వాలనివ్వలేదు."

అన్నాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. అక్క ముఖంలో ఒక్క క్షణం నవ్వు లాంటిది కదిలింది.

"ఒరే, నీకు ఇంకో మాట దొరకలేదూ?" అంది. తర్వాత నవ్వు పోయింది. "విన్నాను. విన్నాకే సంచీ తీశాను. అంత పెద్దాయన ముందు తప్పు తనదని చెప్పుకుంది. పోయేది దాని చోటు. చేసింది నేను. ఇక్కడే ఉంటే దాని ముందు నేను రోజూ అన్నం తినాలి. నావల్ల కాదురా."

"ఆ గుడ్ల సంగతి తేలేదాకా అయినా ఉండు."

"తేలాక ఏముంటుంది? బతికితే నేను లేకపోయినా బతుకుతాయి. లేకపోతే, దాని ముఖం నేను చూడలేను."

కళ్ళద్దాలు మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకి పట్టి చూసి, ఆమె చేతికిచ్చాను. మచ్చ లేకుండా తుడిచాను. అదొక్కటే చెయ్యగలిగాను.

*

మధ్యాహ్నం దాటాక భోజనాల బల్ల దగ్గర నుంచి అమ్మాయి పిలిచింది. "నాన్నా."

ఆ పిలుపులో సంతోషం లేదు. వెళ్ళాను.

ఆడ ఈగ చనిపోయింది. సీసా గోడకి ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని, చిన్నగా ఉంది. బతికి ఉన్నప్పుడు కూడా అంతే ఉండేది. అయినా చిన్నదైపోయినట్టనిపించింది.

"తిండి మీద చూడు," అంది అమ్మాయి భూతద్దం ఇస్తూ.

చూశాను. పిండి రంగు మీద తెల్లటి నలకలు. బియ్యపు గింజని ఎవరో నూరు ముక్కలు చేసి ఒకటి రెండు అక్కడ వదిలినట్టు. ఒకటి. పక్కనే ఇంకొకటి. ఆ అంచున మూడోది ఉందో, పిండి మెరుస్తోందో తెలియలేదు.

"గుడ్లేనా?"

"గుడ్లే."

"మరింకేం!" అన్నాను.

"ప్రాణం లేని గుడ్డు కూడా ఇలాగే ఉంటుంది నాన్నా. పైకి ఏం తేడా తెలియదు. రేపు పొద్దుటికి పురుగు బయటికొస్తే ఉన్నట్టు. రాకపోతే ఎల్లుండి కూడా రాదు." చెయ్యి చాచి సీసాని తాకబోయి, వెనక్కి తీసుకుంది. "ఇవి తప్ప ఇంక లేవు."

బయట టాక్సీ హారన్ మోగింది. అక్క గదిలోంచి సంచీ పట్టుకుని వచ్చింది. బల్ల వైపు చూడకుండా గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, "పొయ్యి మీద గిన్నెలో ఉంది, రాత్రికి వేడి చేసుకోండి," అంది. ఎవరితో అన్నదో గోడకి తెలియాలి.

అమ్మాయి లేవలేదు. నేను సంచీ అందుకోబోతే అక్క ఇవ్వలేదు. వరండా మెట్లు దిగింది. నేనూ దిగాను. డ్రైవరు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. అక్క సంచీని సీటు మీదికి తోసింది. ఒక కాలు లోపల పెట్టింది.

"అత్తయ్యా."

అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. చేతిలో భూతద్దం.

"రేపు పొద్దున గుడ్లు చూడాలి. మా ల్యాబులో ఒకళ్ళు చూసి రాసుకుంటే సరిపోదు. ఇంకొకళ్ళు విడిగా చూడాలి. ఇద్దరి మాటా కలిస్తేనే లెక్క."

"మీ నాన్న ఉన్నాడుగా," అంది అక్క, తల తిప్పకుండా.

"నాన్న పనికిరాడు."

అక్క తల ఇటు తిప్పింది.

"నాన్నకి నేనంటే జాలి. లేని పురుగు కూడా కనిపిస్తుంది ఆయనకి." అమ్మాయి భూతద్దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "నువ్వైతే ఇప్పుడు భయంతో ఉన్నదాన్ని కూడా లేదంటావు గానీ, లేనిదాన్ని ఉందనవు. నాకు అలాంటివాళ్ళే కావాలి. రేపు అక్కడ ఏమీ లేకపోతే, లేదని నాతో చెప్పడానికి."

వీధిలో ఎండ కొంచెం తగ్గింది. అక్క ఒక కాలు టాక్సీలో, ఒక కాలు నేల మీద ఉంచి, అలాగే నిలబడిపోయింది. కళ్ళద్దాలు తీసింది. చేతిగుడ్డతో తుడిచింది. మళ్ళీ తుడిచింది. ఆ అద్దాల మీద ఏ మచ్చా లేదని, పొద్దున వాటిని తుడిచిన నాకు తెలుసు.

డ్రైవరు నా వైపు చూశాడు, అమ్మాయి వైపు చూశాడు, చివరికి అక్కనే అడిగాడు.

"ఎక్కుతున్నారా అమ్మా?"